సరిహద్దు పట్టణానికి నమూనా: వీడియో గేమ్ ప్రాజెక్టు పథక రచన

గత భాగంలో త్రిమితీయ నమూనా ఎలా తయారవుతుందో చదివారు. శీర్షం, అంచు, ముఖం అంటే ఏమిటో, ఉపరితలానికి బొమ్మ ఎలా అంటిస్తారో తెలుసుకున్నారు. ఈ భాగంలో సాధనాల కన్నా పథకానికి ఎక్కువ చోటిస్తున్నాం. ప్రాజెక్టు కోసం ఇచ్చిన అంశాల్లో "వీడియో గేమ్‌కు ఒక సరిహద్దు పట్టణం నమూనా" అనేది విద్యార్థులు ఇష్టంగా ఎంచుకుంటారు. సగంలో ఆగిపోయేవాటిలోనూ అది ముందుంటుంది. అలా ఆగిపోవడానికి బ్లెండర్ రాకపోవడం అరుదుగానే కారణమవుతుంది. ఏ ఊరు, ఏ సంవత్సరం, ఎన్ని ఇళ్లు, ఎవరి వంతు ఎన్ని గంటలు అనేవి మొదటి వారంలో తేల్చుకోకపోవడమే అసలు కారణం.

ఈ పాఠమంతా ఒక లెక్క మీద నడుస్తుంది. చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో ఉంటూ ఏదో ఒక పని చేసుకుంటున్న ముగ్గురు విద్యార్థులు కలిసి పనిచేస్తారు. తలా ఒకరు వారానికి 6 గంటలు కేటాయించగలరు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని, 8 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ ఒకటుంది. గడువు 16 వారాలు. మీ పరిస్థితి ఇంతకన్నా మెరుగైతే మంచిదే. అయినా పథకం మాత్రం ఈ లెక్కకే వేయండి.

ఏ సరిహద్దు?

సరిహద్దు పట్టణం అనగానే మీ మనసులోకి వచ్చే బొమ్మ ఏదో చెప్పడం కష్టం కాదు. దుమ్ము రేగే వెడల్పాటి వీధి, ఎత్తైన చెక్క ముఖభాగాలు, ఊగే తలుపుల సారా దుకాణం, గుర్రం కట్టే గుంజ, నక్షత్రం బిళ్ల పెట్టుకున్న షెరీఫ్. 2018లో రాక్‌స్టార్ సంస్థ విడుదల చేసిన 'రెడ్ డెడ్ రిడెంప్షన్ 2'లోని వాలెంటైన్ అనే పశువుల సంత ఊరు చాలామంది కంప్యూటర్లలో కళ్లారా చూసిందే. దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు, అది చాలా శ్రద్ధగా కట్టిన ఊరు. అయితే దానికి వందలమంది కొన్నేళ్లపాటు పనిచేశారు. మీరు ముగ్గురు. అదే ఊరిని మళ్లీ కడితే పరీక్షకుడు మీ పనిని ఆ పని పక్కన పెట్టి చూస్తాడు. ఆ పోలికలో మీరు నెగ్గరు.

ఇంకొక కారణం కూడా ఉంది. అమెరికా చరిత్రకారుడు ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ 1893లో షికాగోలో చదివిన ప్రసిద్ధ వ్యాసంలో సరిహద్దును నాగరికత ముందుకు జరిగే అంచుగా వర్ణించాడు. ఆ అంచుకు అవతల ఉన్నవాళ్లు ఆ కథలో అడ్డంకులే తప్ప మనుషులుగా కనబడరు. సినిమాలు, తరువాత గేమ్‌లు ఈ చూపునే వారసత్వంగా తీసుకున్నాయి. మన పొలిమేర అలాంటిది కాదు. పొలిమేరకు రెండు వైపులా ఊళ్లుంటాయి, అక్కడ పోచమ్మ గుడి ఉంటుంది, ఈ ఊరి ఆడపడుచు ఆ ఊరి కోడలవుతుంది. ఒక గీతకు రెండు వైపులా ఒకే మనుషులుండి, వాళ్ల మీద రెండు ప్రభుత్వాలుంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న మీద కట్టిన గేమ్ మన దగ్గర ఇంకా రావలసే ఉంది.

దీనికి సరిపోయే నిజమైన ఊరు మనకు దూరంలో లేదు. మహదేవపూర్ దాటి కాళేశ్వరం చేరి, గోదావరి వంతెన దాటితే సిరోంచ వస్తుంది. నేడది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో తాలూకా కేంద్రం. అక్కడి బజారులో నేటికీ తెలుగే వినబడుతుంది. ప్రాణహిత ఎడమ గట్టున, ఆ నది గోదావరిలో కలిసే చోటికి దగ్గరలో ఉంటుంది. పడమట ప్రాణహిత, దక్షిణాన గోదావరి. 1860 తరువాత నిజాం రాజ్యం ఉన్నంతకాలం ఈ రెండు నదులూ ఆ మూలన రాజ్యానికి హద్దులు.

1860లో నిజాం ప్రభుత్వానికీ బ్రిటిష్ వారికీ జరిగిన ఒప్పందంలో గోదావరి ఎడమ గట్టు ప్రాంతాలు బ్రిటిష్ వారికి వెళ్లాయి. రాయచూరు దోఆబ్, నల్‌దుర్గ్ వంటివి నిజాంకు తిరిగి వచ్చాయి. నదిలో సాగే రవాణా మీద సుంకం ఉండకూడదన్నది కూడా ఆ ఒప్పందంలోని షరతే. అలా వచ్చిన ప్రాంతంతో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. దాని ముఖ్యపట్టణం సిరోంచ. 1861లో మధ్య పరగణాలు ఏర్పడ్డాక అందులో భాగమైంది. 1874లో ఆ జిల్లా రద్దయింది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాకు పోగా, సిరోంచ చాందా జిల్లాలో ఒక తహసీలుగా మిగిలింది. ఒక అడవి ఊరు జిల్లా ముఖ్యపట్టణమై, పద్నాలుగేళ్లలో మళ్లీ చిన్నదైపోయింది.

ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో తెలుసుకుంటే మీ గేమ్‌కు కథ దొరికినట్టే. బేరారు పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరి నదుల మీదుగా సముద్రతీరానికి దించాలన్నది ఆనాటి పథకం. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దీనికి గట్టి సమర్థకుడు. పని హేగ్ అనే ఇంజినీరు అధికారి చేతిలో నడిచింది. దారిలో మూడు చోట్ల రాతి గండ్లు పడవలను ఆపేస్తాయి. మొదటిది దుమ్ముగూడెం వద్ద, రెండవది ఇంద్రావతి కలిసే ప్రాంతంలో ఇచ్చంపల్లి వద్ద, మూడవది ప్రాణహిత మీద. వాటిని దాటించడానికి ఆనకట్టలు, కాలువలు, లాకులు మొదలుపెట్టారు. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధం వల్ల ఇంగ్లండు మిల్లులకు పత్తి కరువై, ఈ పథకానికి ఊపొచ్చింది. 1867లో బొంబాయి నుంచి రైలు నాగపూర్ చేరింది. పత్తి రైలెక్కింది. 1871లో నది పనులు ఆపేశారు. దుమ్ముగూడెం ఆనకట్ట నేటికీ ఉంది, వెళ్లి చూడవచ్చు.

ఒక్క తేదీ

పథకంలో మొదట రాయవలసిన వాక్యం తేదీ. "పంతొమ్మిదో శతాబ్దం" అని రాస్తే అది తేదీ కాదు. నేను సూచించేది 1868 అక్టోబరు. అప్పటికి రైలు నాగపూర్ చేరి ఏడాదిన్నర దాటింది. సిరోంచలో జిల్లా కచేరీ నడుస్తూనే ఉంది. నది పనులు ఆగలేదు. పడవల మీద బతికేవాళ్లకు రాబోయేది ఇంకా అర్థం కాలేదు. ఆటగాడికి తెలిసినదీ, ఊరివాళ్లకు తెలియనిదీ పక్కపక్కన ఉంటాయి.

అక్టోబరే ఎందుకంటే, ఎగువ గోదావరిలో పెద్ద పడవలు నడిచేది వానలు మొదలైనప్పటి నుంచి నీళ్లు తగ్గే వరకే. వేసవిలో ఇసుక మధ్య సన్నటి పాయలు మిగులుతాయి. అక్టోబరులో వాన వెలిసి, నదిలో నీళ్లుండి, గట్ల మీద పచ్చదనం ఉంటుంది. ఒక్క రుతువునే కడితే ఒక్క ఆకాశం, ఒక్క నీటిమట్టం, ఒక్క రకం చెట్ల ఆకులు చాలు. "వర్షాకాలం, ఎండాకాలం రెండూ చూపిస్తాం" అని ప్రతిపాదనలో రాసిన జట్టు తన పనిని రెండింతలు చేసుకున్నట్టే.

తేదీ ఖాయమయ్యాక కొన్ని వస్తువులు వాటంతట అవే బయటికి పోతాయి. ఇళ్ల మీద మనం బెంగుళూరు పెంకులు అని పిలిచేవాటిని పెట్టకండి. ఆ రకం పెంకులకు మంగుళూరులో మొదటి కార్ఖానా పెట్టిందే 1865లో; మూడేళ్లలో ఈ అడవి మధ్యకు వచ్చే మాట లేదు. కుమ్మరి సారె మీద చేసిన గూనపెంకులు, లేదా గడ్డి కప్పు పెట్టండి. నిజాం తపాలా బిళ్ల కథలో వాడుకోవాలనుకుంటే కుదరదు, మొదటి బిళ్ల 1869లో వచ్చింది. ఇక నిజాం వైపు కచేరీ బోర్డు మీద ఉర్దూ రాయాలని అందరికీ తోస్తుంది. హైదరాబాదు రాజ్యంలో ఫారసీ స్థానంలో ఉర్దూ అధికార భాష అయింది 1884లో. కాబట్టి 1868 కాగితం మీద ఫారసీ ఉండాలి. మనం నేడు కరీంనగర్ జిల్లా అంటున్నదానికి అప్పటి పేరు ఎలగందుల. జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారింది 1905లో. మీ గేమ్‌లో చొప్పదండి నుంచి వచ్చిన బండివాడు తనది ఎలగందుల ఇలాఖా అని చెప్పాలి.

అభ్యాసం: మీ తేదీ రాసుకొని, ఆ నాటికి ఊళ్లో ఉండడానికి వీలులేని పది వస్తువుల జాబితా తయారు చేయండి. ప్రతి దాని పక్కన అది ఎప్పుడు వచ్చిందో రాయండి.

నేల, నది

నేల నమూనా కోసం చాలామంది నేటి ఉపగ్రహ చిత్రం దించుకొని దాని మీద గీయడం మొదలుపెడతారు. ఇక్కడ జాగ్రత్త పడాలి. సంగమానికి దిగువన మేడిగడ్డ బ్యారేజీ 2019లో ప్రారంభమైంది. అది నీళ్లు నిలిపిన కాలపు చిత్రాల్లో నది సహజమైన నదిలా కాక చెరువులా కనబడుతుంది. 2023 అక్టోబరులో బ్యారేజీ పియర్లు కుంగిన తరువాతి చిత్రాలు వేరుగా ఉంటాయి. ఈ రెండూ 1868 నది కాదు. 2000 ఫిబ్రవరిలో అమెరికా అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన ఎస్.ఆర్.టి.ఎం. ఎత్తుల సమాచారం ఉచితంగా దొరుకుతుంది. అది బ్యారేజీకి ముందుది, పైగా నీళ్లు తక్కువగా ఉండే నెలది. నేల ఎత్తులకు దాన్ని వాడండి. ఉచితమైన క్యూజిఐఎస్‌లో తెరిచి, మీకు కావలసిన ముక్క కత్తిరించి, నలుపు-తెలుపు ఎత్తుల బొమ్మగా బ్లెండర్‌లోకి తెచ్చుకోవచ్చు. రాడార్ నీటి పైభాగాన్నే కొలుస్తుంది కాబట్టి నది అడుగును మీరే చెక్కాలి.

ఆ సమాచారంలో ఒక్కో బిందువు మధ్య దూరం సుమారు 30 మీటర్లు. రెండు కిలోమీటర్ల చదరానికి అటు 67, ఇటు 67, మొత్తం నాలుగున్నర వేల బిందువులు. కొండల వాలుకు అవి చాలు. 240 మీటర్ల వీధికి మాత్రం ఎనిమిది బిందువులే వస్తాయి. అరుగు ఎత్తు, వాగు గండి, బండ్ల చక్రాల దారి, ఇవన్నీ చేత్తో చెక్కవలసిందే. ఆ పనికి వారం పడుతుంది, పథకంలో రాసుకోండి.

దూరాలను అలాగే ఉంచాలా? మేడిగడ్డ బ్యారేజీ పొడవు 1.6 కిలోమీటర్లకు పైనే. నది వెడల్పు ఎంతో దాన్ని బట్టి తెలుస్తుంది. మామూలు నడక సెకనుకు 1.4 మీటర్లు, ఆ లెక్కన నది వెడల్పు నడవడానికి 19 నిమిషాలు కావాలి. గేమ్‌లో పాత్ర సెకనుకు 4 మీటర్లు పరుగెత్తినా ఆరున్నర నిమిషాలు దాటుతుంది. పడవ అంతకన్నా మెల్లగా పోతుంది. ఎవరూ అంతసేపు ఖాళీ నీటి మీద కూర్చోరు. నదిని ఐదో వంతుకు కుదిస్తే 320 మీటర్లు. పడవ సెకనుకు 2 మీటర్లు పోతే 160 సెకన్లు. రెండున్నర నిమిషాలకు పైచిలుకు. పడవవాడు ఒక మాట చెప్పడానికి, ఆటగాడు వెనక్కి తిరిగి వదిలిపెట్టిన గట్టు చూడడానికి అది సరిపోతుంది. వీధిని మాత్రం కుదించవద్దు. ఇళ్లు, తలుపులు, మనుషులు అసలు కొలతల్లోనే ఉండాలి.

ఊరిని నీటి అంచున పెట్టవద్దు. బొమ్మకు అందంగా ఉంటుందని ప్రధాన వీధిని రేవు పక్కనే గీయాలనిపిస్తుంది. 2022 జూలై వరదలో కన్నెపల్లి పంపుహౌస్ మునిగిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అంత నీళ్లు చూసిన నది పక్కన మన పెద్దలు ఇళ్లు కట్టుకోరు. ఊరు ఎత్తైన గట్టు మీద, రేవు కింద, రెండిటి మధ్య బురద జారుడు దారి. ఈ దారిలో బరువు మోసుకొని ఎక్కడమే మీ గేమ్‌లో మొదటి కష్టం కావచ్చు.

రెండు గట్లు

ఆటగాడు చేసే పని ఏమిటో తేలకుండా ఊరు కట్టకూడదు. సిరోంచ విషయంలో ఆ పని నదే ఇస్తుంది: గట్టు మారడం. ఒకే ఉప్పు బస్తా నది మీద సాగిపోతే సుంకం లేదు. నిజాం గట్టున దించితే కరోడ్‌గిరి చౌకీ దగ్గర సుంకం కట్టాలి. ఈ వైపు హాలీ సిక్కా, ఆ వైపు కల్దార్ రూపాయి. రెండూ రూపాయలే, విలువ ఒకటి కాదు. మారకం చేసే సాహుకారు తన వాటా తీసుకుంటాడు. ఈ గట్టున తప్పు చేసినవాడు ఆ గట్టున నిర్దోషి కాకపోయినా, అతణ్ణి పట్టుకోవడానికి ఇక్కడి జవానుకు అధికారం లేదు. మూడు నియమాలు చాలు, తుపాకీ లేకుండానే ఆట నడుస్తుంది.

మనుషుల విషయంలో మరింత ఆలోచన కావాలి. కోయలు, రాజగోండులు, నాయక్‌పోడులు, కోలాములు, నది మీద బెస్తలు, ఎడ్ల మీద ఉప్పూ ధాన్యమూ మోసే లంబాడీ బిడారులు, మహదేవపూర్ వైపు దసలి పట్టు నేసేవాళ్లు, పైనుంచి వచ్చిన గుమాస్తాలు. ఈ పట్టికలో ఆదివాసులను "అడవిలోంచి దాడిచేసే శత్రువులు"గా పెట్టే ప్రతిపాదనను నేనైతే వెనక్కి పంపుతాను. కారణం మర్యాద ఒక్కటే అనుకోకండి, అది తప్పుడు చరిత్ర కూడా. అక్కడ కొత్తగా వచ్చినవాళ్లు వాళ్లు కారు. మన తేదీకి సరిగ్గా పదేళ్ల ముందు, 1858 అక్టోబరు 21న, చాందా జైలులో గోండు జమీందారు బాబూరావు షెడ్మాకేను బ్రిటిష్ ప్రభుత్వం ఉరితీసింది. నిర్మల్‌లో రాంజీ గోండును, ఆయన అనుచరులను ఉరితీసిన మర్రిచెట్టును జనం వెయ్యి ఉరుల మర్రి అని చెప్పుకుంటారు. 1865లో వచ్చిన అటవీ చట్టంతో అడవి మీద సర్కారు అధికారం మొదలైంది. పోడు కొట్టుకొనే కుటుంబానికి సరిహద్దు అంటే నది అవతలి గట్టు కాదు, నిన్నటి వరకు తమదైన చెట్టు మీద ఇవాళ పడిన సుత్తి ముద్ర. మీ ఊళ్లో నడివయసు గోండు ఒకరుంటే ఆయనకు ఇవన్నీ గుర్తుంటాయి. ఆయన నోట రెండు వాక్యాలు పలికించినా చాలు.

సారా దుకాణం మాట. అది లేకపోతే గేమ్‌కు కళ రాదని విద్యార్థులు వాదిస్తారు. దాన్ని తీసేయవద్దు, మార్చండి: ఈత చెట్ల కింద కల్లు మండువ, లేదా ఇప్పసారా బట్టీ. మోదుగాకు దొప్పలు, మట్టి ముంతలు, నేల మీద కూర్చున్న మనుషులు. బల్లలూ కుర్చీలూ చేసే పని కూడా తప్పుతుంది.

ఇళ్లు: ముక్కల పెట్టె

ఇప్పుడు గంటల లెక్కకు వద్దాం. ఊళ్లో నలభై ఇళ్లు కావాలనుకుందాం. ఒక్కో ఇంటిని విడిగా చేస్తే ఇంటికి 12 గంటల చొప్పున 480 గంటలు. మీ ముగ్గురికీ కలిపి వారానికి 18 గంటలు, అంటే దాదాపు 27 వారాలు. గడువు 16 వారాలే. అందుకే ఇళ్లను కాదు, ముక్కలను తయారుచేయాలి. రెండు మీటర్ల మట్టి గోడ, తడక గోడ, మూల, దర్వాజ ఉన్న గోడ, కిటికీ గోడ, అరుగు, మెట్టు, గూనపెంకు కప్పు ముక్క, గడ్డి కప్పు ముక్క, కొప్పు, మొగురం, దూలం, దడి, గడపతో తలుపు. పద్నాలుగు ముక్కలు. ఒక్కోదానికి 4 గంటలంటే 56 గంటలు, మూడు వారాల పైచిలుకు. ఈ గంటలు పథకం కోసం వేసుకున్న అంచనాలు. మొదటి రెండు ముక్కలు చేశాక మీ అసలు వేగంతో సరిచూసుకోండి. అన్ని ముక్కలూ రెండు మీటర్ల గడికి సరిపోవాలి, ప్రతి ముక్క మూలబిందువు కింది ఎడమ మూలనే ఉండాలి. ఈ ఒక్క క్రమశిక్షణ తప్పితే ముక్కలు ఒకదానితో ఒకటి అతకవు.

కొలతలకు సిరోంచ వరకు పోనక్కరలేదు. చొప్పదండిలో గానీ మీ ఊళ్లో గానీ మిగిలిన పాత మట్టి గోడల ఇల్లు ఒకటి వెతకండి. ఇంటివారి అనుమతితో టేపు పట్టి గోడ మందం, దర్వాజ ఎత్తు, అరుగు లోతు, కప్పు వాలు కొలవండి. ఫొటోలు మబ్బు పట్టిన రోజున తీయండి. ఎండలో తీస్తే నీడలు బొమ్మలోనే ఉండిపోతాయి, గేమ్‌లోని వెలుగు మరో దిక్కు నుంచి వచ్చినప్పుడు అసహజంగా కనబడుతుంది. పాత దర్వాజలు పొట్టివి, తల వంచి పోవలసినవి. పాత్ర వెనుక నుంచి చూసే కెమెరా ఆ దర్వాజలో ఇరుక్కుంటుంది. లోపలికి వెళ్లే రెండు మూడు ఇళ్ల దర్వాజలను కొంచెం పెంచండి, మిగిలినవాటిని అసలు కొలతల్లో వదిలేయండి. కొలిచిన ఇల్లు పాతదే అయినా 1868 నాటిది కాకపోవచ్చు. సిమెంటు పూత, ఇనుప కమ్మీలు, జింకు రేకులు కనబడితే వాటిని మినహాయించండి.

బొమ్మల పరిమాణం లాప్‌టాప్‌ను కుంగదీసే అంశం. 2048 పిక్సెళ్ల చదరపు బొమ్మ కుదించకుండా 16 మెగాబైట్లు తీసుకుంటుంది. నలభై ఇళ్లకు నలభై బొమ్మలంటే 640 మెగాబైట్లు. మట్టి, తడక, పెంకు, గడ్డి, టేకు కర్ర, రాయి అని ఆరు బొమ్మలను అన్ని ఇళ్లూ పంచుకుంటే 96. అన్నీ ఒకేలా కనబడతాయన్న భయం వద్దు. మన ఊళ్లలో ఇళ్లు ఒకే మట్టితో కట్టినవే. తేడా చూపించేది పసుపు పూసిన గడప, కూలిన దడి, వసారాలో కట్టిన దూడ.

మొదటి నాలుగు వారాల్లో ఏ బొమ్మా అంటించవద్దు. బూడిదరంగు డబ్బాలతో ఊరంతా పేర్చి, గోడో ఇంజిన్‌లో పెట్టి, రేవు నుంచి కచేరీ దాకా నడిచి చూడండి. గోడో ఉచితం, మామూలు కంప్యూటర్‌లోనూ నడుస్తుంది. నడుస్తుంటే విసుగు పుట్టిన చోట ఇల్లు జరపండి. డబ్బాను జరపడానికి నిమిషం చాలు, అలంకరించిన ఇంటిని జరపడానికి పూటంతా పోతుంది. గోడో 4 వెర్షన్ కాని, ఆ తరువాతిది కాని తీసుకోండి. అంతకుముందు వెర్షన్లలో తెలుగు ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనబడేవి. సంభాషణలు తెలుగులో రాసే ప్రాజెక్టుకు ఇది చిన్న విషయం కాదు. ఖతిగా నోటో సాన్స్ తెలుగు వాడవచ్చు.

ఒక హెచ్చరిక. సిరోంచ ప్రాంతంలో 1960 ప్రాంతంలో బరపాసారస్ అనే బ్రహ్మాండమైన డైనోసార్ ఎముకలు దొరికాయి. కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో ఆ అస్థిపంజరం నిలబెట్టి ఉంది. ఈ సంగతి తెలియగానే మీ జట్టులో ఒకరు దాన్ని గేమ్‌లో పెడదామంటారు. వద్దని చెప్పడం జట్టు నాయకుడి పని.

ఎంత నిజం, ఎంత ఊహ

1868 సిరోంచకు ఇంటింటి పటం చేతిలో ఉండదు. 1870లో నాగపూర్‌లో ఛార్లెస్ గ్రాంట్ సంపాదకత్వంలో వెలువడిన మధ్య పరగణాల గెజెటీరు రెండవ కూర్పు మీ తేదీకి అతి దగ్గరి ఆధారం. ఊళ్ల పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి, ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవవచ్చు. అందులో సిరోంచ, ఎగువ గోదావరి జిల్లా అనే రెండు పద్దులు ముందు చదవండి. అది పాలకుల చూపుతో రాసిన పుస్తకమని మరవకండి. అందులో ఒక గిరిజన తెగ గురించి చులకనగా ఉన్న వాక్యాన్ని మీ పాత్ర సంభాషణగా మార్చడం పరిశోధన కాదు.

నమూనాలోని ప్రతి భాగానికి మూడు రంగుల్లో ఒకటి ఇవ్వండి. రాతపూర్వక ఆధారం ఉంటే తెలుపు. పక్క ఊరి పాత ఇల్లు వంటి సాటి ఆధారం ఉంటే పసుపు. ఊహించినదైతే ఎరుపు. వారసత్వ కట్టడాల కంప్యూటర్ నమూనాల కోసం 2009లో ఖరారైన లండన్ చార్టర్ కోరేది కూడా ఇదే, ఏది తెలిసినది, ఏది ఊహించినది అన్నది చూసేవాడికి తెలియాలని. ఒక మీట నొక్కితే ఊరంతా ఈ మూడు రంగుల్లోకి మారేలా పెట్టండి. ఎరుపు ఎక్కువగా ఉందని మార్కులు తగ్గవు. ఎరుపును దాస్తే తగ్గుతాయి.

మరి ఊరి పేరు సిరోంచ అని పెట్టవచ్చా? నదిని ఐదో వంతుకు కుదించి, వీధిని ఊహించి, నలభై ఇళ్లతో సరిపెట్టాక ఆ పేరు పెట్టడం నాకు సరిగా తోచదు. అక్కడ నేడు మనుషులున్నారు, వాళ్లకు తమ ఊరి గురించి తమ జ్ఞాపకాలున్నాయి. వేరే పేరు పెట్టి, ఏ ఊరి ఆధారంగా కట్టారో నివేదికలో స్పష్టంగా రాయండి. పేరు మాత్రం ఆ గట్టున పుట్టదగినదిగా, తెలుగూ గోండీ తెలిసినవాళ్ల నోట పలికేదిగా ఉండాలి.

వీలైతే ఒకసారి కాళేశ్వరం వెళ్లి సంగమం చూసి, వంతెన దాటి రండి. బ్యారేజీ, పంపుహౌస్‌ల దగ్గర అనుమతి లేకుండా ఫొటోలు తీయవద్దు. ఆలయానికి నేడు వేసి ఉన్న రంగులను 1868 నమూనాలోకి దించవద్దు. రేవులో కూర్చొని శబ్దాలు రికార్డు చేసుకోండి: తెడ్డు, నీరు, గట్టు నుంచి గట్టుకు కేక. ఒక పూటలో దొరికే ఈ శబ్దాలు వారం రోజుల అలంకరణ కన్నా ఊరికి ఎక్కువ ప్రాణం పోస్తాయి.

సమర్పణ

వారాల పంపకం ఇలా వేసుకోవచ్చు. మొదటి రెండు వారాలు తేదీ, ఆధారాలు, కొలతలు. మూడు, నాలుగు వారాలు బూడిదరంగు ఊరు. ఐదవ వారం నేల. ఆరు నుంచి తొమ్మిది వరకు ముక్కల పెట్టె. పది, పదకొండు వారాల్లో ఇళ్ల పేర్పు. తరువాతి రెండు వారాలు మనుషులు, సంభాషణలు, మారకపు నియమాలు. పద్నాలుగో వారం శబ్దాలు, వెలుగు. చివరి రెండు వారాలు ఖాళీగా ఉంచండి. పెళ్లిళ్లు, వరికోతలు, కరెంటు కోతలు, జ్వరాలు ఆ రెండు వారాలను ఎలాగూ తీసుకుంటాయి. వెనకబడితే ఇళ్లను నలభై నుంచి ఇరవై ఐదుకు తగ్గించండి. రెండో గట్టును మాత్రం తీసేయకండి, అది లేకపోతే సరిహద్దే లేదు.

ప్రతి ఆదివారం సాయంత్రం పనినంతా ఆ రోజు తేదీ వేసిన కొత్త ఫోల్డరులోకి నకలు తీసి, ఒక పెన్‌డ్రైవ్‌లో మరొకరి ఇంట్లో ఉంచండి. గిట్ వాడడం వచ్చినవారు అది వాడండి. చివరగా, పూర్తయిన గేమ్‌ను మీ లాప్‌టాప్‌లో కాక, గోడో గానీ బ్లెండర్ గానీ లేని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అధ్యయన కేంద్రంలోని పాత యంత్రం ఈ పరీక్షకు సరిగ్గా పనికొస్తుంది. పరీక్షకుడి ముందున్నది కూడా బహుశా అలాంటిదే. అక్కడ తెరుచుకొని, తెలుగు అక్షరాలు విరగకుండా కనబడి, పడవ అవతలి గట్టు చేరితే నివేదిక ముద్రణకు ఇవ్వవచ్చు.